పిడుదు కాదట

మా కుక్క సింగడి పొట్ట కింద నల్లగా కనిపించినదాన్ని రక్తం తాగే పిడుదు పురుగనుకుని నాయన మొన్న గోటితో పీకబోయాడు. అది ఊడలేదు, రక్తం కారింది. ఏళ్ల తరబడి గొర్రెలకు పిడుదులు ఏరిన చెయ్యి పొరబడింది.

ఈ రోజు సింగణ్ణి ఆటోలో గిద్దలూరు పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరు నొక్కి చూసి, "పిడుదు కాదు పెద్దాయనా, మచ్చ. పెరిగే మచ్చను నమ్మగూడదు. కోసి ముక్క పరీక్షకు పంపిద్దాం" అన్నాడు.

ఇంటికొచ్చాక నాయన చొక్కా విప్పి నావైపు వీపు తిప్పాడు.

"నా ఈపు మీది మచ్చ గూడ పెరిగిందేమో చూడమ్మా. నాకు అగపడదు గదా."

నిరుడు కందిగింజంత ఉన్నది ఇప్పుడు చింతగింజంత ఉంది.

"ఎప్పట్లాగే ఉంది నాయనా" అన్నాను.

మార్కాపురంలో మంచి చర్మం డాక్టరు ఎవరైనా తెలిస్తే కింద చెప్పండి. నాయన ఈ పోస్టు చూడడు లెండి.