దానియేలన్న చేతి మీద నేను వేసిన మచ్చ

ఇన్నేళ్లుగా ఒక మనిషి పనితనాన్ని నలుగురి ముందూ పొగుడుతూ వచ్చాను. ఆ పనితనానికి మచ్చ తెచ్చింది నేనేనని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. నా పేరు అడగొద్దు.

పందొమ్మిదివందల అరవైల మొదట్లో అనంతపురంలో ఒక శనక్కాయల సావుకారు దగ్గర నేను డ్రైవర్ని. ఆయనది పాత డీజిలు కారు. ఒకనాడు పొద్దున స్టార్టు చేస్తే ఇంజను ముందువైపు గలగలమని చప్పుడు. మెకానిక్కు దానియేలన్న షెడ్డుకు తీసుకుపోయాను. ఆయన స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు.

"చైను బాగుండాదప్పా. గైడు అరిగిపోయినాది."

లోపల చైను అటూ ఇటూ కొట్టుకోకుండా ఆనుకుని జారే పట్టీ అది. మద్రాసు నుంచి కొత్తది రావాలంటే నెలలు పడుతుంది. సావుకారుకేమో పంట కొనే కాలం.

దానియేలన్న అణకువ మనిషి కాదు. "మద్రాసోళ్లకేమన్నా నాలుగు చేతులుండాయా?" అని నవ్వి, శనక్కాయల మిల్లు నుంచి పాత మిషను బెల్టు ముక్క తెచ్చాడు. దాన్ని కాగే ఇంజనాయిలులో పగలంతా ఉంచాడు. ఉబ్బితే పారేస్తాడట. ఉబ్బలేదు. అరిగిన పట్టీ మీద దాన్ని రాగి రివెట్లతో బిగించి, వాటి తలలు చైనుకు తగలకుండా లోపలికి దించి, కళ్లు మూసుకుని వేలితో తడిమి చూశాడు. నేను నోరు తెరుచుకుని నిలబడిపోయాను. స్టార్టు చేస్తే చప్పుడే లేదు.

"ఒకటే మాట. ఇంజన్ని ఎనక్కి తిరగనీయొద్దు. తిరిగిందా, చైను చక్రమ్మీద పన్ను తప్పుతాది, ఇంజను నిలబడిపోతాది" అన్నాడు.

కొన్నాళ్లకు గార్లదిన్నె దగ్గర ఒక పల్లెలో బ్యాటరీ దిగిపోయింది. కారు ముందు గోడ, వెనక్కి లాగడమే దారి. రైతులు వెనకవైపు ఎద్దులు కట్టారు. "ఏమప్పా, నీ కారు గడ్డి తింటాదా?" అన్నారెవరో. అందరూ నవ్వారు. ఎద్దులు లాగుతుండగానే స్టార్టు చేసి వాళ్ల నోళ్లు మూయించాలనుకున్నాను. వెనక్కి లాగేటప్పుడు రివర్సు గేరు వేస్తే ఇంజను సరైన దిక్కునే తిరుగుతుంది. ఆ తొందరలో నా చేయి ఒకటో గేరు వేసింది. ఇంజను ఉల్టా తిరిగింది. లోపల టక్కుమంది.

గేరు ఎవరికైనా తప్పుతుంది. తర్వాత నేను చేసింది వేరు.

కారును షెడ్డుకు లాగించుకొచ్చాక, సావుకారు ముందే దానియేలన్న ఇంజను మూత విప్పాడు. ఆయన చేసిన పట్టీ చెక్కుచెదరలేదు. చైను మాత్రం పన్ను తప్పి ఉంది. నా వైపు తిరిగాడు.

"ఎనక్కి తిప్పినావా?"

"లేదన్నా. పోతా పోతా నిలబడిపాయె."

"వాన్నేం అడుగుతావు? అంతా నీ బెల్టు ముక్క పనే" అన్నాడు సావుకారు.

దానియేలన్న నన్నే చూశాడు. "వీడు నా కాడ అబద్ధం చెప్పడు సావుకారూ. అట్లయితే నా చెయ్యే యాడో తప్పింటాది."

కళ్లెదుట ఉన్నదాన్ని పక్కన పెట్టి నా మాట నమ్మాడు. ఆయన స్థానంలో నేనుంటే నమ్మేవాణ్ణా? ఉద్యోగం పోతుందని భయపడ్డాను, నిజమే. కానీ ఆయన ఆ మాట అన్నాక కూడా నోరు విప్పకపోవడానికి భయం ఒక్కటే కారణమా, లేక అంతటి పనివాడు కూడా తప్పు చేస్తాడని నలుగురూ అనుకోవడం నాకు లోలోపల కాస్త హాయిగా ఉండిందా? హాయిగానే ఉండింది. అన్నిటికన్నా సిగ్గుపడేది దానికే.

సావుకారు ఊరంతా చాటాడు. దాన్ని దానియేలన్న తట్టుకునేవాడే. కానీ ఆయన తన చేతిని తానే నమ్మడం మానేశాడు. బిగించిన బోల్టును మళ్లీ విప్పి చూసేవాడు. ఏదైనా చేసిపెట్టమంటే, "కొత్తది తెప్పించుకోండప్పా" అనేవాడు. ఆయన పక్కన కూర్చుని ఎన్నోసార్లు టీ తాగాను. నిజం నాలుక చివరిదాకా వచ్చేది. టీతో పాటు మింగేవాణ్ణి.

ఆయన పోయాడు. క్షమించమని అడగడానికి మనిషి లేడు, క్షమించే హక్కు మీకూ లేదు. దానియేలన్న పనిలో తప్పు లేదు. ఇంజన్ని వెనక్కి తిప్పింది నేను. లేదన్నదీ నేనే. ఈ మూడు ముక్కలు రాయడానికి ఇంతకాలం పట్టింది. రాశాక ఊపిరి కొంచెం తేలిగ్గా ఆడుతోంది. అంతే.