చిన్న మిషన్ కూర్చున్న చోట్లు

మా వీధిలో అన్నని పెద్ద మిషన్ అనీ, తమ్ముణ్ణి చిన్న మిషన్ అనీ పిలిచేవారు. కుట్టు మిషన్లు బాగుచేసే కొట్టు వాళ్ళది. సొంత పేర్లు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా ఉన్నట్టు లేవు. అన్న మాట్లాడడు, పనిచేస్తాడు. తమ్ముడూ పనిచేస్తాడు గానీ ముందు మాట్లాడతాడు. మా అమ్మ మిషన్ మొరాయించినప్పుడల్లా నేనే మోసుకుపోయేదాన్ని. తమ్ముడు కుర్చీ వేసి, "ఏమ్మా, మీ అమ్మ దీన్నేమైనా అందా? అలిగినట్టుందే!" అని నవ్వించేవాడు. అన్న చక్రం ఒకసారి తిప్పి, చెవి దగ్గరగా పెట్టి విని, "షటిల్" అనేవాడు. ఆ ఒక్క ముక్కే. తీరా విప్పి చూస్తే జబ్బు అక్కడే, కింది దారం కండె తిరిగే చోట.

అప్పట్లో వీధంతా బట్టల పనే. కింద గుండీల కొట్లు, దారాల కొట్లు, లైనింగు గుడ్డల గోడౌన్లు; మేడల మీద దర్జీలు. రెడీమేడ్లు వచ్చాక దర్జీలు ఒక్కొక్కరే మెట్లు దిగి వెళ్ళిపోయారు. గుండీల కొట్టు కాఫీ షాపైంది. గోడౌను బారైంది. గోడలకున్న సున్నమంతా గీకించి, ఇటుకలు బయటపెట్టి, అదే అందమన్నారు. సాయంత్రమైతే వీధి నిండా కుర్రకారు. "కట్టడం పూర్తికాకుండానే జనాన్ని రానిచ్చారేమిటే?" అని మా అమ్మ నన్ను నిజంగానే అడిగింది.

కొట్టు అమ్మేద్దామని తమ్ముడన్నాడు. అతను చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. వారానికి నాలుగు మిషన్లు కూడా రావడంలేదు, కూతురి చదువింకా సగంలో ఉంది. అన్న వినలేదు. నెలల తరబడి నలిగిన ఆ మాట ఒక మధ్యాహ్నం, కొట్లో మనుషులుండగానే, బద్దలైంది.

"నీకు చేతిలో పని ఎప్పుడుందిరా?" అన్నాడు అన్న. "నోరొక్కటే ఉంది నీకు. ముప్ఫై ఏళ్ళు నా పక్కన కూర్చుని నెట్టుకొచ్చావు."

ఎవరేమన్నా పది మాటలు తిరిగి చెప్పే మనిషి ఆ రోజు నోరెత్తలేదు. చేతిలోని స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టి, చేతులు తుడుచుకుని వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా కొట్టు మధ్యన గోడ లేచింది. తమ్ముడు అమ్మేసిన సగంలో ఎనిమిది మంది పట్టే చిన్న బారొకటి వెలిసింది.

అన్నకి పెళ్ళి కాలేదు. రెండు పూటలా తమ్ముడింట్లోనే తినేవాడు. గొడవైన మర్నాడు మరదలు కేరియర్ పంపిస్తే మూత తియ్యకుండా తిప్పి పంపాడు. ఆ తర్వాత ఆమె పంపలేదు. ఐదేళ్ళు అన్నదమ్ములు ఎదురుపడితే ఒకరు అవతలి పక్కకి దాటుకునేవారు.

ఓ వానాకాలం పొద్దున తమ్ముడు పోయాడు. గుండెపోటు. అన్న ఆస్పత్రికి వెళ్ళాడు. "ఒక్కసారి ముఖం చూడండి బావగారూ" అని మరదలు అడిగితే, "నావల్ల కాదమ్మా" అని వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాడు. మర్నాడు మామూలు వేళకే కొట్టు తెరిచాడు. బండరాయి అన్నారు జనం. నేనూ అన్నాను.

ఇది జరిగిన ఎనిమిది నెలలకి తమ్ముడి కూతురు పెదనాన్న కొట్టుకి వచ్చింది. రక్తపరీక్షల ల్యాబులో పని తనకి. తర్వాత సంగతులన్నీ నాకు ఆ అమ్మాయే చెప్పింది.

షట్టర్ వేసే వేళ అది. ఆయన కళ్ళద్దాలు పైకి జరిపి చూశాడు.

"పెదనాన్నా, చేతులు కడుక్కుని మంచి చొక్కా వేసుకో. బయటికెళ్దాం."

"ఎక్కడికి?"

"బార్లకి."

ఆయన షట్టర్ తాళం వెతుక్కోవడం మొదలుపెట్టాడు. అప్పుడు తను చెప్పింది. నాన్న శనివారం సాయంత్రాలు నడకకని ఇంట్లోంచి బయల్దేరేవాడు. వెళ్ళేది నడకకి కాదని పోయాక తెలిసింది. కొట్టు పక్క బారులో పనిచేసే అమ్మాయి పరామర్శకి ఇంటికొచ్చి, నాన్న ఎక్కడెక్కడ కూర్చునేవాడో చెప్పింది. "ఆ చోట్లన్నీ ఒక్కదాన్నే చూడలేను పెదనాన్నా. అమ్మ రానంది. ఇంకెవర్ని పిలవను?"

ఆయన చొక్కా మార్చుకున్నాడు.

మొదటిది మేడమీది బారు. దర్జీల గదులన్నీ కలిపేసి కట్టారు. పాటల హోరు. ఆయనకి తెచ్చిచ్చిన కాగితంలో ఒక్క పేరూ అర్థం కాలేదు. సోడా చెప్పాడు. దోసకాయ ముక్క వేసి తెచ్చారు. "ఇదెవరిదో నాకొచ్చింది" అని తిరిగి ఇచ్చేయబోయాడు. అమ్మాయి నవ్వింది. తనకి బీరు తెప్పించుకోవాలని ఉంది గానీ మొహమాటపడుతోంది.

"తాగమ్మా, భయమెందుకు? నేనేం మీ నాన్ననా?"

మాట అన్నాక గానీ ఏమన్నాడో ఆయనకి తెలియలేదు. ఇక్కడ నాన్న ఒకటి రెండుసార్లే కూర్చున్నాడట, చప్పుడెక్కువని మానేశాడట.

రెండోది గోడౌను బారు. అక్కడ బల్లలన్నీ పాత కుట్టు మిషన్ల ఇనప స్టాండ్లు. పైన మిషన్ తీసేసి చెక్కలు బిగించారు. ఆయన వాకిట్లోనే ఆగిపోయాడు. అందులో సగం స్టాండ్లు ఆయన చేతుల మీదుగా పోయినవే. కూర్చున్నాక, అలవాటుకొద్దీ కాలు తొక్కుడు పలక మీద పడింది. పలక ఊగింది, పక్కనున్న చక్రం తిరిగింది. కిర్రుమనలేదు. ఆయన వంగి, ఇరుసు దగ్గర వేలు పెట్టి చూసుకున్నాడు. జిడ్డు.

"దీనికి నూనె ఎవరు వేశారు?"

బారు ఓనరు దగ్గరికొచ్చాడు. బోడిగుండు, పెద్ద మీసం. "ఒక పెద్దాయన వచ్చేవారు సార్. జేబులో నూనె సీసా. వద్దన్నా వినరే! అన్ని బల్లల కిందా దూరేవారు. ఆడవాళ్ళు కూర్చున్న చోట మాత్రం, అమ్మా కాస్త కాళ్ళు తియ్యండి, దీనికి దాహమేస్తోంది అనేవారు. అందరూ నవ్వి తీసేవారు. ఈ మధ్య రావడం లేదు."

"మా నాన్న" అంది అమ్మాయి. "రారు ఇంక."

ఓనరు డబ్బు తీసుకోలేదు.

మూడోది కొట్టు పక్కదే. ఐదేళ్ళుగా ఆ గుమ్మంవైపు తలతిప్పని మనిషి, తమ్ముడి కూతురి చెయ్యి పట్టుకుని లోపల అడుగుపెట్టాడు. ఆయన తండ్రి కాలంనాటి నాపరాళ్ళు నేలన అలాగే ఉన్నాయి. గ్లాసులు తుడుస్తున్న అమ్మాయి వీళ్ళని చూడగానే గుర్తుపట్టింది. గోడవారన ఆఖరి కుర్చీ చూపించి, "అక్కడే సార్" అంది.

ఆయన కూర్చోలేదు.

"ఆరింటికి వచ్చేవారు. పాటలు ఆపెయ్యమనేవారు, ఒక్క గంట. ఆ వేళకి ఎవరూ ఉండరు కాబట్టి నేనూ ఆపేసేదాన్ని. గోడకి తల ఆనించి కళ్ళు మూసుకునేవారు. అటుపక్క మీరు మిషన్ తిప్పుతుంటే చప్పుడు వినపడేది. 'ఇది బెల్టు వదులైంది' అనేవారు. మళ్ళీ, 'ఊహూ, బెల్టు కాదు, షటిల్ దగ్గర దారం ముక్క ఇరుక్కుంది. మా అన్నయ్య ఇప్పుడు పట్టేస్తాడు చూడు' అనేవారు. కాసేపటికి అటుపక్క చప్పుడు సాఫీగా వచ్చేది. అప్పుడు గ్లాసు ముట్టుకునేవారు."

"గోడ అవతలి నుంచా?" అన్నాడు ఆయన.

"అవును సార్."

"చక్రం ముట్టుకోకుండానా?"

అమ్మాయి తలూపింది.

"నేను చెయ్యలేను" అన్నాడు పెద్ద మిషన్. "గోడ అవతలి నుంచి నాకు తెలియదు. నాకు చేతకాదు అది."

అని, నిలబడ్డ చోటే ఏడ్చాడు. చిన్నపిల్లాడిలా, గొంతెత్తి. లోపలున్న నలుగురైదుగురూ మాటలాపేశారు. ఒకతను లేచి తన కుర్చీ ఆయన వెనక్కి జరిపాడు.

బయటికొచ్చి ఇద్దరూ నడుస్తున్నారు. వీధి కిటకిటలాడుతోంది, ఎవరో పుట్టినరోజు కేకలు. మలుపు దగ్గర ఆయన అడిగాడు.

"నా మీద కోపం పోయిందా వాడికి?"

అబద్ధం చెబుదామనుకుందట. నోరు రాలేదట. "పోలేదు పెదనాన్నా. నువ్వన్న మాట అమ్మతో వందసార్లు చెప్పుంటాడు. ఒక్కోసారి అన్నం ముందునుంచి లేచిపోయేవాడు."

"మరి పక్కనే కూర్చున్నాడుగా! ఒక్కసారి గోడ మీద కొట్టొచ్చుగా?"

"నువ్వు పిలవొచ్చుగా?"

ఆయన తన గదివైపు తిరగాల్సిన చోట తిరక్కుండా, తమ్ముడి కూతురి వెంట వాళ్ళింటి దాకా వెళ్ళాడు. మరదలు తలుపు తీసి, కొంగు సర్దుకుని పక్కకి జరిగింది. ఆయన గడప దాటలేదు.

"ఆ రోజు ముఖం చూసుండాల్సిందమ్మా."

"ఇప్పుడు నేనేం చూపించను బావగారూ?" అంది ఆమె. కోపంగా అనలేదట, నిజంగానే తెలియక అడిగినట్టు అందట.

ఆదివారాలు ఆయన అక్కడ భోంచేస్తున్నాడు. ఆ అమ్మాయి పట్టు అది. మరదలు వడ్డిస్తుంది, కావలసినవి అడుగుతుంది, మిగతా మాట్లాడదు. ఆయనా ఆశించడు. తిన్నాక తన పళ్ళెం తనే కడిగి బోర్లించి, "వస్తానమ్మా" అని వంటింటివైపు చెప్పి బయల్దేరతాడు. లోపల్నుంచి జవాబు కొన్ని వారాలు వస్తుంది, కొన్ని వారాలు రాదు.