హెడ్‌ఫోన్‌లో ఎడమవైపు

డెబ్బైల చివరి రోజుల్లో నేను ఆటోనగర్‌లో లారీ విడిభాగాలు అమ్మే ఒక కంపెనీ ఆఫీసులో టైపిస్టుగా పనిచేసేదాన్ని. మా ఊరు చల్లపల్లికి దగ్గర. విజయవాడ వన్ టౌన్‌లో ఒక మేడ మీద గది తీసుకుని, నా ఈడుదే అయిన ఒక స్కూలు టీచరుతో కలిసి ఉండేదాన్ని. కింద పప్పుల గోడౌను. పొద్దున్నే తోపుడు బళ్ళు వచ్చేవి. బస్తాలు దింపేవాళ్ళ కేకలు మధ్యాహ్నం దాకా ఆగేవి కావు.

ఆదివారాలు చర్చిలో క్వయర్‌లో పాడేదాన్ని. క్వయర్ మాస్టరు గారు రైల్వేలో గుమాస్తా. ఆయన పాటను గొంతుల వారీగా విడదీసి నేర్పేవారు. పై గొంతువాళ్ళు అసలు రాగం పాడతారు. నాది ఆల్టో, అంటే ఆ రాగానికి కాస్త కిందగా, దాన్ని అంటిపెట్టుకుని తన దారిన తాను నడిచే గొంతు. ఆల్టో పాడేవాళ్ళం నలుగురం. మిగతా ముగ్గురికీ ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నేను మాత్రం రెండు వరుసలు సరిగ్గా పాడి, మూడో వరుసకు వచ్చేసరికి నాకు తెలియకుండానే పై గొంతులో కలిసిపోయేదాన్ని. ఆయన హార్మోనియం ఆపేసేవారు.

"పక్కవాళ్ళని వినమ్మా. ముగ్గురు పాడుతున్నారు కదా నీ పక్కన," అనేవారు.

వింటూనే ఉన్నానని నేననుకునేదాన్ని. నాకు వినిపించేది పై గొంతే. మిగతావాళ్ళు ఆ హోరులో తమ గొంతును ఎలా పట్టుకుంటున్నారో అర్థమయ్యేది కాదు. సంగీతజ్ఞానం అంటే అదేనేమో, నాకు అది లేదేమో అనుకునేదాన్ని.

ఆ సంవత్సరం ఈస్టరుకు కొత్త పాట మొదలుపెట్టారు. నా మీద జాలిపడ్డారో, విసుగే పుట్టిందో గాని, ఆయన ఇద్దరు పిల్లల చేత రెండు గొంతులూ పాడించి, ఒక కేసెట్లో రికార్డు చేసి నా చేతికిచ్చారు. ఇంట్లో రోజూ విని, కింది గొంతు ఎక్కడెక్కడ విడిపోతోందో కనిపెట్టమన్నారు. ఓడలో వంటవాడిగా పనిచేసే మా చిన్నాన్న తెచ్చిన కేసెట్ రికార్డరు ఒకటి నా దగ్గర ఉండేది. అయితే నా గదిలో ఉండే టీచరు అప్పుడు బి.యిడి. పరీక్షకు చదువుకుంటోంది. ఒకే పాట పదిసార్లు వినిపిస్తే పుస్తకం మూసేసి నావైపు చూసేది. రికార్డరుతో పాటు చెవిలో దూర్చుకునే బుడిపెలాంటి ఇయర్‌ఫోను ఒకటి వచ్చింది. దాన్ని పెట్టుకుంటే పాట వినిపించేది గాని, రేకు డబ్బాలో పాడినట్టుండేది. రెండు గొంతులూ ముద్దయిపోయేవి.

అందుకని ఒక శనివారం ఆఫీసు నుంచి తిన్నగా రేడియో షాపులకు వెళ్ళాను. మొదటి షాపాయన ఇయర్‌ఫోను పనికిరాదు, విడిగా స్పీకరు పెట్టె కొనుక్కోమన్నారు. గదిలో ఇంకొకరు చదువుకుంటారండీ అంటే, ఆవిణ్ణి బయట చదువుకోమనండి అన్నారు. రెండో షాపులో, మీది మోనోనా స్టీరియోనా అని అడిగారు. తెలియదన్నాను. ఎన్ని ఓమ్స్ అన్నారు. అదీ తెలియదన్నాను. తెలుసుకుని రండి అని ఇంకొకరితో మాట్లాడ్డం మొదలుపెట్టారు. అవి ఎవరిని అడిగి తెలుసుకోవాలో కూడా నాకు తోచలేదు.

మూడో షాపులో ఒక కుర్రాయన మర్యాదగా కూర్చోబెట్టాడు. అద్దాల బీరువాలోంచి పెద్ద హెడ్‌ఫోన్ తీశాడు. నల్లటి మెత్తలు రెండు చెవుల్నీ కప్పేస్తాయి. తలమీదుగా స్టీలు పట్టీ. దాన్ని షాపులోని పెద్ద సెట్టుకు తగిలించి నా తలకు పెట్టాడు. ఒక్కసారిగా వయొలిన్లు, తబలా, పాడేవాళ్ళ ఊపిరితో సహా వినిపించాయి. అంత స్పష్టంగా నేనెప్పుడూ వినలేదు. ఇంకేమీ అడగకుండా కొన్నాను. దాని తీగ చివరనున్న లావుపాటి పిన్నుకు సన్న పిన్ను ఒకటి తగిలించి, మీ రికార్డరుకు సరిపోతుందండీ అన్నాడు.

గదికి వచ్చి తగిలించాను. ఏమీ వినిపించలేదు.

పిన్ను తీసి మళ్ళీ పెట్టాను. సౌండు పెంచాను. ఎక్కడో దూరాన దోమ పాడినట్టు ఏదో ఉంది, అదీ నా ఊహేనేమో. పిన్ను లాగేస్తే రికార్డరు పాడుతోంది, పెడితే ఆగిపోతోంది. నా స్నేహితురాలు పుస్తకం పక్కన పెట్టి వచ్చి, హెడ్‌ఫోన్ తన తలకు పెట్టుకుంది.

"వస్తోంది కదే," అంది. కాసేపు విని, బాగుందని కూడా అంది.

తీసి నాకు పెట్టింది. లేదు. తను పెట్టుకుంటే ఉంది. ఇద్దరం అలా నాలుగైదుసార్లు మార్చుకున్నాం. నేను ఆట పట్టిస్తున్నాననుకుని చివరికి తనకు కోపం వచ్చింది. తనే నన్ను ఆట పట్టిస్తోందని నాకు అనుమానం.

సోమవారం షాపుకు తీసుకెళ్ళాను. ఆ కుర్రాయన పెద్ద సెట్టుకు తగిలించి నా తలకు పెట్టాడు. శనివారం విన్నట్టే అద్భుతంగా వినిపించింది. సిగ్గుపడి వచ్చేశాను. గదిలో మళ్ళీ నిశ్శబ్దం. మంగళవారం రికార్డరును కూడా సంచిలో వేసుకుని వెళ్ళాను. ఆయన దానికి తగిలించి విన్నాడు. మీ రికార్డరు మోనో అండీ, అందుకని ఒక పక్కే వస్తోంది, కానీ వస్తోంది అన్నాడు.

"నాకు ఏ పక్కా రావడం లేదండీ," అన్నాను.

ఆయన నన్ను అదోలా చూశాడు. ఈసారి మర్యాద కొంచెం తగ్గింది. అమ్మిన సరుకు వెనక్కి తీసుకునేది లేదని, అయినా అందులో లోపం ఏమీ లేదని, బహుశా నాకు అలవాటు లేకపోవడం వల్ల అలా అనిపిస్తోందని చెప్పాడు. వినడానికి కూడా అలవాటు కావాలా అని దారంతా ఆలోచిస్తూ నడిచాను. నాకు మతి గాని తప్పుతోందా అన్న భయం ఆ రోజే మొదటిసారి కలిగింది. అందరూ వస్తోందంటున్నారు. చిన్న ఇయర్‌ఫోను పెట్టుకుంటే నాకూ వస్తోంది. షాపు సెట్టుకు పెడితే వస్తోంది. అంటే నా చెవులు బాగున్నాయి, రికార్డరు బాగుంది, హెడ్‌ఫోనూ బాగుంది. మూడూ బాగుండి, మూడూ కలిస్తే మాత్రం ఏమీ లేదు.

మా వీధికి రెండు సందుల అవతల రేడియోలు బాగుచేసే ముస్లిం పెద్దాయన ఒకాయన ఉండేవారు. అందరూ సాయిబు గారు అనేవాళ్ళు. దుకాణం అంటే ఒక బల్ల, ఒక బల్బు, గోడ నిండా లోపలి తీగలు బయటపెట్టుకున్న రేడియోలు. నేను చెప్పిందంతా ఆయన మధ్యలో అడ్డు రాకుండా విన్నారు. ఆ తర్వాత, ఇంతవరకూ ఏ షాపులోనూ ఎవరూ అడగని మాట అడిగారు.

"దీంతో ఏం వినాలమ్మా మీరు?"

ఈస్టరు పాట గురించి, రెండు గొంతుల గురించి చెప్పాను. తల ఊపి, కేసెట్ పెట్టమన్నారు. ముందు తను విన్నారు. తర్వాత నాకు పెట్టారు. లేదన్నాను. ఆయన హెడ్‌ఫోన్ తీసి, ఏదో చూసి, మళ్ళీ పెట్టారు. పాట ఖంగున నా చెవిలో మోగింది. ఉలిక్కిపడ్డాను.

"వచ్చిందండీ! ఏం బాగుచేశారు?"

"నేనేం చెయ్యలేదమ్మా. తిరగేసి పెట్టా, అంతే."

నాకు బోధపడలేదు. ఆయన మళ్ళీ మామూలుగా పెట్టారు. లేదు. తిరగేశారు. ఉంది. అప్పుడు తన చేతి గడియారం విప్పి నా కుడిచెవి దగ్గర పెట్టారు. టిక్కు టిక్కుమంటోంది. కళ్ళు మూసుకోమన్నారు. కాసేపటికి, ఇప్పుడు వస్తోందా అని అడిగారు. గడియారం ఎక్కడ పెట్టారండీ, దగ్గరికి తేవాలి కదా అన్నాను. కళ్ళు తెరిచి చూస్తే ఆయన చెయ్యి నా ఎడమ చెవి పక్కనే ఉంది. గడియారం చెవికి తగిలీ తగలనంత దగ్గరలో ఉంది.

ఆయన గడియారం మళ్ళీ చేతికి పెట్టుకున్నారు. తర్వాత, ఇందులో రెండు సంగతులు కలిసిపోయాయమ్మా అని మెల్లగా విడమర్చి చెప్పారు. ఈ హెడ్‌ఫోన్ రెండు పక్కలా వేరు వేరుగా పాడే రకం. నా రికార్డరు దాని ఎడమ పక్కకే పాట పంపుతోంది; తిరగేసి పెడితే ఆ పక్క నా కుడిచెవికి వచ్చింది. షాపులోని పెద్ద సెట్టు రెండు పక్కలకీ పంపుతుంది, కాబట్టి అక్కడ కుడిచెవితో విన్నాను. చిన్న ఇయర్‌ఫోను ఏ చెవిలో పెట్టుకుంటారని అడిగారు. కుడిచెవిలోనే. ఆఫీసులో టెలిఫోను? అదీ కుడిచెవికే. ఎడమచేత్తో తీసినా కుడిచెవికే ఆనించుకునేదాన్నని అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకని నన్ను నేను ఎన్నడూ అడగలేదు.

"హెడ్‌ఫోన్ సంగతి నేను చూస్తా. రెండోది, ఆ ఎడమ చెవి, డాక్టరు గారికి చూపించుకోండమ్మా," అన్నారాయన.

మర్నాడు చెవి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రకరకాల ఇనుప కమ్మీలు చెవి దగ్గర మోగించి చూశారు. ఎడమ చెవి నరం పూర్తిగా పోయిందని, ఇది ఇప్పటిది కాదని చెప్పి, చిన్నప్పుడు గవదబిళ్ళలు వచ్చాయా అని అడిగారు. మందు లేదన్నారు. వినికిడి మిషను పెట్టుకున్నా ఉపయోగం లేదన్నారు. మిగిలిన కుడిచెవిని జాగ్రత్తగా చూసుకోమని, ఆటోనగర్‌లో రేకులు కొట్టే షెడ్ల పక్కగా వెళ్ళేటప్పుడు దూది పెట్టుకోమని చెప్పారు. నాకు దుఃఖం రాలేదు. కొత్తగా ఏమీ పోలేదు కదా. ఎప్పుడో చిన్నప్పుడే పోయినదాన్ని ఇవాళ ఎలా తలుచుకోవాలో తెలియక, మెట్ల మీద కాసేపు నిలబడ్డాను.

ఆ శనివారం బస్సెక్కి ఊరికి వెళ్ళాను. అమ్మ వంటింట్లో ఉంది. విషయం చెప్పాను. అమ్మ నమ్మలేదు.

"నీకు చెవుడేంటి? నువ్వు చిన్నప్పట్నుంచీ మొండిదానివి. పిలిస్తే పలికేదానివి కాదు, అంతే."

గవదబిళ్ళలు వచ్చాయా అని అడిగాను. ఆరేళ్ళప్పుడు వచ్చాయంది. ముఖం గుమ్మడికాయలా ఉబ్బిపోయి, వారం రోజులు జ్వరంతో పడుకున్నానట. తగ్గాక బాగానే ఆడుకున్నావు కదా అంది. ఆ మాట అన్నాక అమ్మ చేతిలోని గరిట కింద పెట్టేసింది. నేను బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను. కాసేపటికి తల తిప్పి చూస్తే, అమ్మ నా ఎడమ పక్కన, బాగా దగ్గరగా వంగి ఉంది. పెదాలు కదులుతున్నాయి. నన్ను పేరు పెట్టి పిలుస్తోంది. ఎన్నిసార్లు పిలిచిందో తెలియదు.

"పలకలేదని ఎన్నిసార్లు కొట్టానో," అంది.

పోనీలేమ్మా అన్నాను. నిజానికి ఆ దెబ్బల్లో ఏవి వినిపించక తిన్నవో, ఏవి నిజంగా మొండితనానికి తిన్నవో నాకే తెలియదు. మొండిదాన్నేనని నేనూ నమ్మి పెరిగాను. బడిలో పరధ్యానం అన్నారు, అదీ నమ్మాను. ఇప్పుడు ఇవన్నీ నావి కావంటే, మరి నాది ఏది అన్న తికమక తిరుగు బస్సులో కూడా వదల్లేదు.

విజయవాడ వచ్చేసరికి సాయిబు గారు హెడ్‌ఫోన్ సిద్ధంగా ఉంచారు. పిన్ను దగ్గర రెండు తీగల్నీ కలిపేశారట. ఇక ఏ సెట్టుకు తగిలించినా, రెండు పక్కలకు రావలసిందంతా కలిసి నా కుడిచెవిలోకి వస్తుంది. ఎడమ డిప్ప తీసేయమంటారా, బరువు తగ్గుతుంది అన్నారు. వద్దు, ఉండనివ్వండి అన్నాను.

ఆ రోజు నుంచి పాటను కుదురుగా విన్నాను. కింది గొంతు ఎక్కడ విడిపోతుందో, ఎక్కడ వచ్చి కలుస్తుందో నాలుగు రోజుల్లో పట్టుబడింది. కానీ ఆదివారం ప్రాక్టీసులో నిలబడగానే మళ్ళీ జారిపోయాను. అప్పుడు వరుసను మొదటిసారి సరిగ్గా చూశాను. ఆల్టో పాడే ముగ్గురూ నాకు ఎడమ పక్కన ఉన్నారు. పై గొంతువాళ్ళందరూ కుడి పక్కన.

ప్రాక్టీసు అయ్యాక క్వయర్ మాస్టరు గారి దగ్గరికి వెళ్ళి, నన్ను ఎడమ చివరన నిలబెట్టమని అడిగాను. ఎందుకమ్మా అన్నారు. చెప్పాను. ఆయన హార్మోనియం మూత మూస్తూ ఆగిపోయారు.

"ముందే చెప్పి ఉండాల్సింది కదమ్మా."

"నాకే తెలియదండీ."

తన చెవిలోని లోపం మనిషికి తెలియకపోవడం ఎలా కుదురుతుందని ఆయనకు ఆశ్చర్యం. రెండు చెవులతో వినడం ఎలా ఉంటుందని గదిలో నా స్నేహితురాల్ని అడిగాను. తను హెడ్‌ఫోన్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని విని, పాట మధ్యలో వినిపిస్తుందని చెప్పింది. మధ్యలో అంటే ఎక్కడ అన్నాను. తలలో అంది. నా ప్రశ్న తనకు వింతగా ఉంది, తన జవాబు నాకు వింతగా ఉంది.

ఈస్టరు ఆరాధనలో ఎడమ చివర నిలబడి పాడాను. కుడి పక్కన ముగ్గురు ఆల్టోలు, వాళ్ళకవతల పై గొంతువాళ్ళు. మొదటిసారి మా గొంతు నాకు వినిపించింది. మూడో చరణంలో ఒకచోట మాత్రం జారాను. పక్కనున్నామె మోచేత్తో మెల్లగా పొడిచింది. మళ్ళీ నా దారిలోకి వచ్చి, చివరిదాకా పాడాను.