వాగు రాని ఏడు

రెజిమెంటల్ బజార్‌లోని మా పాత ఇంటి ముందు తలుపును మేం ‘వాగు తలుపు’ అనేవాళ్ళం. నిజాం పాలన పోయిన పోలీస్ యాక్షన్ ఏడు సొంతూళ్ళో వాగు వచ్చినప్పుడు కొట్టుకొస్తుంటే నాన్న ఈదుకెళ్ళి పట్టాడని కథ. వాగు పొంగడాన్ని మా వైపు రావడమనే అంటారు. ఇల్లు పడగొట్టే ముందు ఆ టేకు తలుపును కొత్త ఫ్లాటులో పూజగదికి పెట్టాలని తమ్ముడు నిశ్చయించాడు.

“అక్కా, జిందగీ మొత్తం చెట్లకు సూదులు గుచ్చినవ్ గద. గిప్పుడు జెర ఇంటికి సుత పనికి రా. ఆ వరద ఎంత పెద్దదో చెప్పు, సుట్టాలకు చెప్పుకుంట.”

నా వృత్తి అదే. బతికున్న చెట్టును తొలిచి పెన్సిలంత పుల్ల తీసి, ఏటేటి వలయాల వెడల్పును బట్టి అప్పట్లో వాగు ఎంత పారిందో అంచనా కట్టడం. ఆ వాగు గట్టునున్న ముసలి టేకుల పుల్లలు నా దగ్గరే ఉన్నాయి. ఆ ఏటి వలయం ప్రతి పుల్లలోనూ గోటిగీతలా సన్నగా ఉంది. వానలు సరిగా లేవన్నమాట.

అయినా ఆ మాట అనడానికి మనసొప్పలేదు. ఏడాదంతా ఎండినా ఒక్క పూట కుంభవృష్టికి వరద రావచ్చునని, వలయంలో అది కనిపించకపోవచ్చునని అమ్మకు వివరించాను. పరిశీలనకు వచ్చిన వ్యాసాల్లో ఇలాంటి సర్దుబాటు కనిపిస్తే ఎర్రసిరాతో చుట్టేదాన్ని.

అమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తూనే అంది: “ఏం సదువే బిడ్డా నీది! గా ఏడు వాగెక్కడ వచ్చె? వాగు రాలే, మనోళ్ళే వాగు దాటి పోయిన్రు. అవతలి ఒడ్డున సాయిబుల ఇండ్లు ఖాళీ అయినంక మీ నాయన బండి కట్టిండు.”

“ఇన్నేండ్లకు చెప్తున్నవా అమ్మా?” అన్నాడు తమ్ముడు.

“ఎవ్వలడిగిన్రు? గా ఇంటామె ఈ తలుపు ముందట కూసోబెట్టే నాకు గోరింటాకు పెట్టింది.”

“ఎట్ల ఖాళీ అయినయ్?” అన్నాను. అమ్మ ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. ఏ వాదననైనా ఆధారం చూపేదాకా వదలని నేను రెండోసారి అడగలేదు.

తలుపు పూజగదికి వెళ్ళలేదు. పద్మారావు నగర్‌లో నా వరండా గోడకు ఆనించి ఉంది. వచ్చినవాళ్ళు దాని నగిషీని మెచ్చుకుని, ఎక్కడిదని అడుగుతారు. ఆ ఏడు వాగు రాలేదని చెబుతాను. తరువాతి వాక్యానికి ముందే టీ తెస్తానని లోపలికి వెళ్తాను.