చెంగయ్య ఏరుకునే తీగ

పొద్దుటి షిఫ్టు దిగి, రేణిగుంట బస్సులో నిలబడే కునుకుతూ చెంగయ్య తిరుపతిలోని సౌందరరాజన్ వాద్యాల అంగడికి వస్తాడు. జుట్టు నిండా మిల్లు దూది. రెండు మూడు నెలలకొకసారి ఇదే వరస. ఊరు విడిచిపోతూ ఒక రైలు డ్రైవరు ఇచ్చిపోయిన ఫ్లమెంకో అనే స్పెయిన్ రకం గిటారు అతనిది. దానికి ఇనప తీగలు కడితే ఆ లాగుడుకు చెక్క లేచివస్తుంది, నైలాన్ తీగలే కావాలి. అవి ఎక్కడైనా లావు తేలితే ఎంత బిగించినా శ్రుతి నిలవదు. అందుకే మిల్లులో నూలు చూసినట్టు ప్రతి తీగనూ బొటనవేలి కింద కొసదాకా లాగి, పదింటిలో ఒకటి ఏరుకుంటాడు.

పోయిన వారం కూడా లాగాడు. మళ్లీ లాగాడు. ఏమీ తెలియలేదు. పద్దెనిమిదేళ్లుగా నూలు ఒరుసుకుని ఒరుసుకుని వేళ్లు మొద్దుబారిపోయాయి. మర్నాడే మిల్లు గేటు దగ్గర కార్మికుల సభలో వాయించాలి. తీగను కింది పెదవి మీద పెట్టి మెల్లగా లాగాడు. సగంలో ఆగాడు.

"ఈడ బుడిపె తగల్తా ఉండాది సామీ. ఇంకోటియ్యి."

"ఏమప్పా, సరుకంతా ఎంగిలి చేస్తావా? మూతికి తాకినాక అది నీదే. దుడ్డు పెట్టు," అన్నాడు సౌందరరాజన్.

"బుడిపె ఉండేది తీగలో సామీ, నా మూతిలో గాదు."

అంగడాయన చెయ్యి చాపే ఉంచాడు. చెంగయ్యకు వాదించే ఓపిక లేదు. అలాగని చెడ్డ తీగ కట్టుకునే మనిషీ కాడు. డబ్బిచ్చి, రెండో పొట్లం విప్పి, అందులోని తీగనూ పెదవి మీదే పెట్టుకున్నాడు.