ఆ కుట్టు నాదేనప్పా

మా సారు పోయారని కె.ఆర్.పురం బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ఉండగా ఫోను వచ్చింది. నాకు కత్తి పట్టడం నేర్పిన సర్జన్ ఆయన. బండి పక్కకు తీసి ఏడ్చాను. సాయంత్రానికి ఆసుపత్రి పెద్దలు సంతాపసభలో చదవమని ఓ కాగితం ఇచ్చారు. ‘నలభై ఏళ్లలో ఒక్క పొరపాటూ ఎరుగని చేయి’ అని ఉంది అందులో. ఒళ్లు మండింది నాకు.

సారు ఎక్కువగా హెర్నియాలే చేసేవారు. పొట్ట గోడ బలహీనపడిన చోట దోమతెర ముక్కలాంటి మెష్ పరిచి, కదలకుండా దారంతో కుట్టేవారు. జిగురుతో అంటించే పద్ధతి వచ్చిన కొత్తలో “ఇదేమన్నా ఇస్కూలు పిల్లోళ్ల నోటుబుక్కా, అంటించేదానికి” అని నవ్వారు. మేమూ నవ్వాం.

తర్వాత హొసకోటె మండీలో మూటలు మోసే ఒకాయన వచ్చాడు. సారు చేసిన ఆపరేషనే. ఏడాదైనా గజ్జల్లో పోటు. మూట ఎత్తలేడు, పని పోయింది. సారు అతనితో నీళ్ల బకెట్ ఎత్తించి చూశారు. తర్వాత స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నారు.

“ఆ కుట్టు నాదేనప్పా. నరాన్ని పట్టుకోనుండాది. తప్పు నాది, నీ ఒంటిది కాదు.”

అలా ఒప్పుకోవద్దని ఆసుపత్రి పెద్దలు పిలిచి మరీ చెప్పారు. సారు లెక్కచేయలేదు. తానే మళ్లీ తెరిచి ఆ కుట్టు తీసేశారు. కొన్ని నెలలకు అతను మళ్లీ మండీకి పోయాడు.

ఈలోగా నేను జిగురు పని నేర్చుకున్నాను. ఆ కేసు తర్వాత అది నేర్చుకోవడానికి సారు నా దగ్గరికే వచ్చారు. అప్పటికి ఆయనకు అరవై దాటాయి. “ఎంత పూయాల్ల, చెప్పమ్మా” అన్నారు. మీకు నేను చెప్పడమేంటి సార్ అంటే, “నీకు తెలుసు, నాకు తెలీదు. అంతే కదా” అన్నారు. నరం చిక్కుకునే భయం, మొదటి రోజుల నొప్పి జిగురుతో తక్కువని ఒప్పుకున్నారు. అలాగని దానికి భజన చేయలేదు. పొట్ట గోడలో రంధ్రం పెద్దదైతే దారమే పట్టేవారు. కంపెనీవాళ్లు జిగురును పొగడబోతే “ఆర్నెల్లకు మనిషి బకెట్ ఎత్తినాక మాట్లాడదాం” అని పంపేసేవారు. నిజంగానే ఆర్నెల్లకు ప్రతి పేషెంటునూ పిలిపించి బకెట్ ఎత్తించేవారు. ఇప్పుడు నేనూ ఎత్తిస్తున్నాను.

సభలో ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

“సారు పొరపాటు చేశారు. ఆయన కుట్టుతో ఒక మనిషి ఏడాది నొప్పి పడ్డాడు. ఆ సంగతి ప్రతి కొత్త బ్యాచ్‌కూ ఆయనే చెప్పారు. అది తుడిచేస్తే మాకు చదువు చెప్పిన మనిషే మిగలడు” అన్నాను. ముందు వరుసలో ఒకాయన మైకు ఆపమని సైగ చేశాడు.

వెనకనుంచి ఆ మూటలాయన లేచాడు. అతను వచ్చాడని నాకు తెలీదు.

“ఆ మనిషిని నేనే. నాకు నిజం చెప్పింది సారొక్కడే. ఇంకెవురూ చెప్పల్యా.”

ఎవరో భుజం మీద చేయి వేసి కూర్చోమన్నారు. అతను కూర్చోలేదు.