నాలుగో కచేరీ

మొన్న ఆదివారం పొద్దున్న పెసరట్టు పెనం మీద ఉండగా ఫోను టింగుమంది. చూస్తే పట్నంలోని ట్రస్టువాళ్ళు పంపిన పీడీఎఫ్. కొత్తగా పైకొస్తున్న సంగీత విద్వాంసుల పేర్ల జాబితా. ఏటా ఈ రోజుల్లోనే వస్తుంది. అందులోంచి మాలాంటి చిన్న ఊళ్ళ సభలు ఎవరిని పిలిచి కచేరీ పెట్టించినా, పారితోషికంలో సగమూ రైలు చార్జీలూ ట్రస్టు భరిస్తుంది. మిగతా సగమూ, భోజనమూ, బసా మావి. మంచి పద్ధతే, కాదనను. అదే లేకపోతే మా భీమవరంలో రొయ్యల మేత కంపెనీల సన్మాన సభలు తప్ప ఇంకో సభ ఉండేది కాదు. నేను కళ్ళజోడు పెట్టుకుని, పేర్ల జోలికి పోకుండా, అడుగున సన్నక్షరాల్లో ఉన్న షరతులు చదివాను. రెండోసారి చదివాను. ఈలోగా అట్టు మాడింది. మా కోడలు వచ్చి పొయ్యి కట్టేసి, "ఏంటత్తయ్యా, అదేమైనా పరీక్ష పేపరా?" అంది. అవునే తల్లీ అన్నాను. ఆ పరీక్ష నేనెప్పుడో తప్పానని దానికేం తెలుసు.

ఈ సభ కార్యదర్శి పని నాకు మా బాబాయి నుంచి వచ్చింది. మా నాన్నగారి తమ్ముడు. కాలవల ఆఫీసులో హెడ్ క్లర్కుగా చేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు, పిన్ని కూడా తొందరగా పోయింది. ఇక ఆ మనిషికి సభే సంసారం. మా హాలు ఐసు ఫ్యాక్టరీ పక్కన. సాయంత్రం రొయ్యల లారీలు వచ్చే వేళకి అక్కడ ఐసు దిమ్మల్ని పిండి చేసే మిషను మొదలవుతుంది, సరిగ్గా మా కచేరీ వేళకే. బాబాయి వెళ్ళి ఫ్యాక్టరీ ఆయన్ని బతిమాలి రెండు గంటలు ఆపించేవాడు. ఆయన ఒప్పుకునేది సంగీతం మీద గౌరవంతో కాదు, ఒప్పుకునేదాకా ఈయన కుర్చీలోంచి లేవడని తెలిసి. ట్రస్టువాళ్ళకి ప్రతి కచేరీకీ ఫోటో పంపాలి, అందులో జనం నిండుగా కనపడాలి. మాకు వచ్చేది నలభైమంది. కృతి మంచి రసపట్టులో ఉండగా బాబాయి గోడవార నిలబడి, అందరూ ఎడంపక్కకి జరగమని చేతులూపేవాడు. పాపం ముసలాళ్ళు కుర్చీలు ఎత్తుకుని ఎడంపక్కకి జరిగేవారు. ఫోటోలో హాలు కిటకిటలాడిపోయేది. అది కాగానే మళ్ళీ ఎవరి ఫ్యాను కిందకి వాళ్ళు వచ్చి కూర్చునేవారు.

ఇప్పుడు ఆ అమ్మాయి సంగతి. వాళ్ళది మొగల్తూరు వైపు సముద్రం మీద వేటకెళ్ళే కుటుంబం. భీమవరంలో మేనత్త ఇంట్లో ఉండి, నేను టీచరుగా ఉన్న స్కూల్లో ఆరో క్లాసులో చేరింది. సభ వెనక వీధిలో వయొలిన్ మాస్టారుండేవారు. ఈ పిల్ల రోజూ బడి వదిలాక పుస్తకాల సంచీతో ఆయన కిటికీ కింద నిలబడేదని తెలిసి, ఒకరోజు నేనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. మాస్టారు మొదట నసిగారు. నెల తిరక్కుండా, "ఈ పిల్ల చెవులే నాకుంటే ఈ వీధిలో ఎందుకుంటానమ్మా!" అన్నారు. అప్పటి నుంచి ఆ పిల్ల మా సభలోనే పెరిగింది. జంబుఖానాలు పరిచేది, తంబురా మీటేది, రావాల్సిన వయొలిన్ విద్వాంసుడు రాకపోతే అప్పటికప్పుడు ఎక్కి పక్కన వాయించేది. బాబాయిని తాతగారనేది. బాబాయికీ అదంటే ప్రాణం, ఆ మాట మాత్రం ఎవరి ముందైనా చెప్తాను.

రాజమండ్రిలో ట్రస్టువాళ్ళ ముందు వాయించి, ఆ అమ్మాయి జాబితాకెక్కిన రోజున వాళ్ళ నాన్న మోటారు సైకిలు మీద మూరెడు పండుగప్ప చేపని ఐసులో పెట్టి తెచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. మా ఇంట్లోకి వెల్లుల్లి కూడా రాదు. బాబాయి దాన్ని రెండు చేతులా అందుకుని "బ్రహ్మాండంగా ఉందయ్యా" అన్నాడు. ఆ తండ్రి వీధి మలుపు తిరిగాక ఐసు ఫ్యాక్టరీ వాచ్‌మన్‌కి ఇచ్చేసి, నూతి దగ్గర మూడుసార్లు తలమీద నీళ్ళు పోసుకున్నాడు. వారం తర్వాత ఆ తండ్రి బజార్లో ఎదురై కూర ఎలా ఉందండీ అని అడిగితే, తడుముకోకుండా "ముళ్ళు తక్కువ" అన్నాడట. మేం నవ్వలేక చచ్చాం.

జాబితాకి ఒక షరతుంది. పేరు అందులో రెండేళ్ళుంటుంది. ఆ రెండేళ్ళలో నాలుగు సొంత కచేరీలు చేసినవాళ్ళని ట్రస్టువాళ్ళు పట్నంలో తమ పెద్ద ఉత్సవానికి పిలుస్తారు. అక్కడ ఒక్కసారి వాయిస్తే ఇక పిలుపులకి కొదవుండదు. నాలుగూ పూర్తికాకపోతే పేరు తీసేస్తారు, మళ్ళీ ఎక్కించరు. పక్కవాయిద్యంగా వందసార్లు వాయించినా ఆ నాలుగింటిలోకి రాదు. ఆ ఇంగ్లీషు కాగితాలు చదవడమంటే బాబాయికి విసుగు. అవన్నీ చదివి, నింపి, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించేదాన్ని నేనే. అందుచేత ఈ షరతు సంగతి సభలో అందరికన్నా బాగా తెలిసింది నాకే.

ఆ అమ్మాయి రాజమండ్రిలో, మండపేటలో, కాకినాడలో మూడు పూర్తి చేసింది. నాలుగోది మన సభలోనే వాయిస్తానని మొదటి నుంచీ అనేది. మాకూ అంతకన్నా ఏం కావాలి? కానీ మా వైపు ఒక ఆచారం ఉంది. పెళ్ళిలో ఇంటివాళ్ళు చివరి బంతిలో కూర్చుంటారు. వచ్చినవాళ్ళందరూ తిన్నాక, బూరెలు అయిపోయి, పులుసులో ముక్కలు అడుగంటాక మన విస్తరి పడుతుంది. దాన్నే మర్యాద అంటాం. బాబాయి సభని కూడా అలాగే నడిపాడు. జూన్‌లో ఆమె తారీఖు అనుకుంటే, విజయవాడ వేణువు కుర్రాడికి ఆ రోజే వీలన్నారు. "మన పిల్లే కదా, ఎక్కడికి పోతుంది" అన్నాడు. ఆగస్టులోనూ అదే మాట, దసరాల్లోనూ అదే మాట. చివరికి డిసెంబరు ఆఖరి ఆదివారం ఖాయమైంది. ఆ నెల ముప్పై ఒకటితో ఆమె రెండేళ్ళూ అయిపోతాయి.

ఆ శనివారం మధ్యాహ్నం ఫోనొచ్చింది. చేసింది ఒక పెద్ద గాయకుడు. ఆయన కోసం బాబాయి పదిహేనేళ్ళుగా ఉత్తరాలు రాస్తున్నాడు. నవంబరులో వస్తానని ఒప్పుకుని, గొంతు పట్టేసి ఆగిపోయారు. ఇప్పుడు రాజమండ్రిలో ఉన్నారట, గొంతు బాగుపడిందట, రేపు ఒక్కరోజు ఖాళీ అట. మృదంగం ఆయన వెంటే ఉన్నారు, వయొలిన్ మాత్రం మమ్మల్ని చూడమన్నారు. బాబాయి ఫోను పెట్టేసి పెళ్ళికొడుకులా మెరిసిపోయాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి.

మర్నాడు పదింటికల్లా ఆ అమ్మాయి హాలుకొచ్చింది. తన కచేరీ రోజున కూడా జంబుఖానా తనే పరుస్తోంది. బాబాయి దగ్గరికి వెళ్ళి భుజం మీద చెయ్యేశాడు. "అమ్మా, పెద్దాయన వస్తున్నారు. మళ్ళీ వస్తారో రారో, అప్పటికి నేనుంటానో ఉండనో. ఇవాళ నువ్వు ఆయన పక్కన వాయించు. నీది పండగ వెళ్ళాక ఘనంగా పెట్టుకుందాం. మనింటి పిల్లవి, నువ్వు కాకపోతే ఎవరు సర్దుకుంటారు?"

"అలాగేనండి తాతగారూ. కానీ ఈ నెలాఖరుకి..." అని ఆగి, ఆ అమ్మాయి నా వైపు చూసింది.

నేను తాంబూలం పళ్ళెంలో అరటిపళ్ళు సర్దుతున్నాను. సర్దినవే మళ్ళీ సర్దాను. ముప్పై ఏళ్ళు క్లాసులని హడలెత్తించిన నోరు నాది. అప్పుడు పెగల్లేదు. పెద్దవాళ్ళ మాటకి నలుగురిలో అడ్డు చెప్పకూడదని పెంచారు మమ్మల్ని. పైగా ట్రస్టువాళ్ళూ మనుషులే కదా, ఉత్తరం రాస్తే ఓ నెల గడువివ్వరా అని నాకు నేను నచ్చచెప్పుకున్నాను. ఇదంతా ఎందుకు, నిజం చెప్తాను. ఆ పెద్దాయన పాట వినాలని నాకూ ఉంది.

సాయంత్రం హాలు నిజంగానే నిండింది, ఎవరూ ఎడంపక్కకి జరగనక్కర్లేకపోయింది. కచేరీ మొదలవుతుండగా మొగల్తూరు నుంచి ఆటో నిండా ఆ అమ్మాయి వాళ్ళవాళ్ళు దిగారు. మార్పు సంగతి వాళ్ళకెవరూ చెప్పలేదు. ఇస్త్రీ చొక్కాలు, తలల్లో కనకాంబరాలు, నిద్రమొహాలతో చంటిపిల్లలు. అంతమందీ మా సభ గడప తొక్కడం అదే మొదలు. తండ్రి వేదిక మీద కూతుర్ని చూసుకుని మురిసిపోయి, నా పక్క కుర్చీలో అంచుమీద కూర్చున్నాడు. కాసేపటికి నా చెవి దగ్గరికి వంగి, "టీచర్‌గారండీ, ఆ మజ్జిలో కూచున్న పెద్దాయనెవరండీ? మా పాప వాయిత్తంటే సాయం పాడ్డానికొచ్చారా అండీ?" అన్నాడు.

"అవునండి" అన్నాను.

"అంత పెద్దోరు మా పాప కోసం వచ్చారాండీ!" అని కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

పెద్దాయన తోడి రాగం ఎత్తుకున్నారు. ఆయన ఎంత లోతుకి దిగితే ఆ అమ్మాయి అంత లోతుకీ వెనకే దిగింది. తన వంతు వచ్చినప్పుడు వాయించిన ఆ అయిదారు నిమిషాలూ, ఆయన పూర్తిగా ఆమె వైపు తిరిగి కూర్చుని, ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నారు. బాబాయి గోడకానుకుని ఏడ్చాడు. నాకు మాత్రం ఒక్క స్వరం కూడా చెవికెక్కలేదు. పక్కన ఆ తండ్రి తాళం తెలియకపోయినా మోకాలి మీద వేలితో కొడుతూనే ఉన్నాడు.

మర్నాడే ట్రస్టుకి ఉత్తరం రాశాను. పదిహేను రోజులకి జవాబొచ్చింది, మర్యాదగానే. నిబంధన అందరికీ ఒకటేననీ, పేరు తీసేశామనీ. వాళ్ళననడానికేముంది. జవాబు చదివి వినిపిస్తే బాబాయి, "ఈ గడువు సంగతి నీకు తెలుసా?" అన్నాడు. తెలుసు బాబాయ్ అన్నాను. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. అయిదో రోజున వచ్చి, తప్పు నీది కాదే, ఆ పిల్ల నోరు తెరిస్తే విననిది నేను అన్నాడు. మాటకేం, సగం నాది. ఆ అమ్మాయి మా వీధిలో, మా ఇళ్ళల్లో పుట్టి ఉంటే బాబాయి అంత తేలిగ్గా సర్దుకోమనేవాడా, నేను అంత తేలిగ్గా తల దించుకునేదాన్నా? ఆ ప్రశ్న బాబాయిని ఎప్పుడూ అడగలేదు. నన్ను నేను అడుగుతూనే ఉంటాను. కాదని గట్టిగా చెప్పుకోలేను.

ఉత్సవం ఆశ ఉన్నన్నాళ్ళూ ఇంట్లోవాళ్ళు ఆగారు. అది పోయాక ఇరవై ఏడేళ్ళ పిల్లని ఎన్నాళ్ళని కూర్చోబెడతారు? రొయ్యల మేత కంపెనీలో బిల్లులు కొట్టే పనికి కుదిరింది. బాబాయి నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళాడు. మేత బస్తాల వాసన ముక్కు బద్దలు కొడుతోంది. అంతమంది గుమాస్తాల మధ్య చేతులు జోడించి, "తప్పయిపోయింది తల్లీ" అన్నాడు. ఆ అమ్మాయి కంగారుగా లేచి, "అయ్యో, అంత మాటనకండి తాతగారూ" అని తన కుర్చీ ఆయనకి వేసి, మాకు కూల్‌డ్రింకులు తెప్పించింది. మొత్తం ఖర్చు సభదే, ఎప్పుడంటే అప్పుడు నీ కచేరీ అన్నాడు. "అలాగేనండి" అంది. ఆ ఏడాది నుంచి బాబాయి సభ సీజను మొదటి తారీఖు ఎవరికీ ఇవ్వలేదు. ఏటా ఫోను చేసేవాడు. చెరువుల్లో రొయ్యల పట్టుబడి సీజనండి, సెలవు దొరకలేదండి అని ఆమె నెమ్మదిగా చెప్పేది. అయినా ఆ సాయంత్రం తనే వెళ్ళి హాలు తలుపులు తీసి, జంబుఖానా పరిచి, కాసేపు కూర్చుని, తాళం వేసుకుని వచ్చేవాడు. నాలుగేళ్ళు అలాగే చేశాడు.

ముందటేడు ఆషాఢంలో బాబాయి పోయాడు. పదో రోజున ఆ అమ్మాయి వచ్చింది. ఆఫీసు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మెడలో ఐడీ కార్డు అలాగే ఉంది. ఫోటోకి దణ్ణం పెట్టుకుని నా పక్కన చాప మీద కూర్చుంది. ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. కళ్ళు తుడుచుకున్నాక ఇన్నాళ్ళూ అనలేని మాట అప్పుడు అన్నాను. "ఆ రోజు నాకు గడువు సంగతి తెలుసమ్మా. తెలిసే ఊరుకున్నాను."

"నాకు తెలుసండి టీచర్‌గారూ" అంది, కోపం లేకుండా. కోపంగా అన్నా బావుండేది.

ఈసారైనా మొదటి తారీఖున వాయించమ్మా, నా కోసం కాదు, ఆయన కోసం అని బతిమాలాను.  ఆ అమ్మాయి తన ఎడమచెయ్యి తీసి నా చేతిలో పెట్టింది. వయొలిన్ వాయించేవాళ్ళకి తీగల మీద నొక్కి నొక్కి ఎడమచేతి వేళ్ళ చివర కాయలు కడతాయి. నేను ఆ వేళ్ళని ఒక్కొక్కటే తడిమి చూశాను. నాలుగూ చంటిపిల్ల వేళ్ళలా మెత్తగా ఉన్నాయి. ఆ కాయలు కట్టడానికి పదహారేళ్ళు పట్టింది. పోవడానికి ఎన్నాళ్ళు పట్టిందో అడిగే ధైర్యం నాకు ఇవాళ్టికీ లేదు.